జామకాయ పేజీ

ముప్పై నాలుగేళ్ళు నేను పెద్దాసుపత్రి ల్యాబులో రక్తాలు పరీక్ష చేశాను. ఆ ఉద్యోగం మనిషికో పాడు గుణం నేర్పుతుంది, ఎవరేం చెప్పినా ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. రక్తం అబద్ధం చెప్పదు, నిజమే. సీసా మీద అంటించిన చీటీ చెబుతుంది. పదకొండుమంది రక్తాలూ అచ్చంగా ఒక్కలాగే వచ్చాయనుకోండి, కొత్తగా చేరిన పిల్లలు ఆశ్చర్యపోతారు. నేనైతే ఒకే మనిషి రక్తాన్ని పదకొండు సీసాల్లో పోసిన ఘనుడెవడా అని వెతుకుతాను.

అందుకే ఆ రోజు కాకినాడలో డాక్టర్ హిమజ ల్యాబులో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే, నేనొక్కదాన్నే చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"ఏంటి తాయారూ, నీకు సంతోషంగా లేదూ?" అన్నారు మా ఆయన. ఆయన కళ్ళనిండా నీళ్ళు.

"మీరు కానివ్వండి. నా సంతోషం సంగతి తర్వాత చూద్దాం," అన్నాను.

మా ఆయన పేరు త్రిమూర్తులు. కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. షుగరుంది, బీపీ ఉంది, ఆ రెంటినీ తలదన్నే జబ్బు ఇంకోటుంది. బొమ్మల కథల పిచ్చి. ఆయన చిన్నప్పుడు మేఘదత్త అని ఒక వీరుడు మద్రాసులో అచ్చయ్యేవాడట. నీలం అంగీ, మబ్బుల మీద నడక, ఈల వేస్తే పిడుగు. నల్లకంబళి అని ఇంకొకడు బెజవాడవాడు. వాడికి శక్తులూ గిక్తులూ ఏమీ లేవు. గొర్రెబొచ్చు కంబళి ముఖం మీదకి లాక్కుని, దొంగదొరల గోదాముల్లో దూరి, నలుగురికి నాలుగు తగిలించి వచ్చేవాడు. రెండు కంపెనీలకీ ఒకరి పొడ ఒకరికి గిట్టేది కాదు. రెండూ మూతబడి నలభై ఏళ్ళు దాటింది.

కంపెనీలు పోయినా పిచ్చి పోలేదు. 'మబ్బూ కంబళీ' అని వాట్సాప్‌లో ఒక గుంపు. పొద్దస్తమానం ఒకటే పంచాయితీ, ఇద్దరూ తలపడితే ఎవరు గెలుస్తారని. వానలో కంబళి తడిసి బరువెక్కుతుంది కాబట్టి గెలుపు మేఘదత్తదేనని పూనాలో ఉండే ఒక పళ్ళడాక్టరు వాదిస్తాడు. అసలు పిడుగు ఉన్ని మీద పనిచెయ్యదని భిలాయి నుంచి ఇంకొకాయన. "తడిసినదానికే షాకు ఎక్కువయ్యా, నా మాట వినండి," అని మా ఆయన ఉద్యోగానుభవంతో తీర్పు చెబుతారు. ఇంతా చేసి అందరూ మనవల్ని ఎత్తుకునే వయసువాళ్ళు.

ఈ గుంపుకి పెద్ద గవర్రాజుగారు, రైల్వేలో గార్డుగా చేసినాయన. ఆ ఇద్దరు వీరులూ కలిసిన పుస్తకం ఒకటి ఉందనీ, చిన్నప్పుడు తన చేతుల్తో పట్టుకుని చదివాననీ ఆయన ఒట్టు. మా ఆయనదీ అదే ఒట్టు. అట్లా ఒట్లు పెట్టినవాళ్ళు పదకొండుమంది తేలారు. పుస్తకం మాత్రం ఎవరి దగ్గరా లేదు. పాత పుస్తకాలు పోగుచేసే మహామహులు కూడా అలాంటిది అచ్చే కాలేదు పొమ్మన్నారు.

అప్పుడు దొరికింది వీళ్ళకి డాక్టర్ హిమజ.

ఆ పిల్లకి నలభై ఉంటాయేమో. చదివిన పేజీని మనిషి తలలోంచి బయటికి తీసే యంత్రం ఒకటి కట్టింది. ఉప్పునీళ్ళలో తడిపిన టోపీ ఒకటి నెత్తిన పెడుతుంది. పాత న్యూస్‌ప్రింటు కాగితం ముక్కు దగ్గర ఆడిస్తుంది. "ఆ పేజీ ఒక్కటే చూడండి అంకుల్. చుట్టూ గదీ, మనుషులూ, మాటలూ అన్నీ గోల. ఆ గోల సంగతి నేను చూసుకుంటాను," అంటూ ఒక మీట తిప్పుతూ ఉంటుంది. తెర మీద గీత తర్వాత గీతగా బొమ్మ లేస్తుంది. మొత్తం వచ్చాక "ఇదేనా?" అని అడుగుతుంది. కూర్చున్నవాళ్ళు "ఇదే" అన్నాక ఆకుపచ్చ బొత్తాం నొక్కుతుంది. ఇక ఆ పేజీ వాళ్ళ తలలో చచ్చేదాకా చెరగదని చెబుతుంది.

పదకొండుమందీ విడివిడిగా కూర్చున్నారు. పదకొండుమందికీ అవే పేజీలు వచ్చాయి. వరదొచ్చిన బావిలో నల్లకంబళి మునిగిపోతుంటాడు. తర్వాతి పేజీలో ఆకాశంలోంచి మేఘదత్త చెయ్యి దిగుతుంది. ఆ తర్వాతి పేజీ చూసే అందరూ చప్పట్లు కొట్టింది. ఇద్దరు వీరులూ ఒక కల్వర్టు గోడ మీద కూర్చుని, కాళ్ళు ఊపుకుంటూ, ఒక జామకాయని చెరో ముక్కా ఉప్పూ కారం అద్దుకుని తింటుంటారు. మిగతా పేజీలన్నీ నల్ల గీతలు. అదొక్కటీ నీలం.

"మద్రాసు కంపెనీ వీరుడు కల్వర్టు ఎక్కి జామకాయ తినడమేంటమ్మా?" అని హిమజని అడిగాను.

"ప్రత్యేక సంచిక అయ్యుంటుంది ఆంటీ. అందుకే రంగు మార్చి వేశారు."

"వీళ్ళంతా ఎక్కడ చదివారుట?"

"అదే కదా ఆంటీ గొప్ప రుజువు! పూనా, భిలాయి, ఖరగ్‌పూర్, హైదరాబాదు. అన్ని ఊళ్ళనుంచీ ఒకే పేజీ వచ్చింది."

"ఇప్పుడున్న ఊరు కాదు తల్లీ. పుస్తకం చదివిన నాడున్న ఊరు."

ఆ పిల్ల తన కాగితాలు తిరగేసింది. ఆ ప్రశ్న అసలు వెయ్యనేలేదు. నమూనా ఎక్కడ తీశారో రాసుకోని ల్యాబు నేను అదే చూడటం. గవర్రాజుగారే అందరికీ ముందే నూరిపోసి ఉంటాడని నా మనసులో పడింది. ఆయన నవ్వినప్పుడల్లా అనుమానంగా చూడటం మొదలుపెట్టాను.

నెలాఖర్లో మా ఆయన మూడోసారి కూర్చున్నప్పుడు తెర పక్కనే కుర్చీ వేసుకున్నాను. జామకాయ పేజీనే ఇంకా తేటగా తీస్తామన్నారు. బొమ్మ లేస్తోంది. పేజీ కుడి అంచున ఏదో మసక. చూస్తుండగా అది వేళ్ళయింది. సన్నటి ఆడచెయ్యి, ఎర్రగాజులు రెండు, బొటనవేలు పేజీ మీద ఆన్చి పట్టుకుని ఉంది.

పెళ్ళయి ముప్పై ఏడేళ్ళయిన ఆడదాన్ని, అబద్ధమెందుకూ, మొదట వచ్చిన ఆలోచన మంచిది కాదు. ఎవత్తిదీ చెయ్యి?

నేను నోరు తెరిచేలోగా హిమజ మీట తిప్పింది. గాజులు పోయాయి. వేళ్ళు పోయాయి. పేజీ అంచు తెల్లగా మిగిలింది.

"అదేంటమ్మా తీసేశావ్?"

"గోల ఆంటీ. పేజీకి సంబంధం లేనిది."

"ఇదేనా అంకుల్?" అని అడిగింది. "ఇదే," అన్నారు మా ఆయన. బొత్తాం నొక్కింది.

మర్నాడు పొద్దున బజార్లో దోర జామకాయలు కనిపిస్తే కొన్నాను. మా ఇంట్లో జామకాయ కోస్తే ఒక తంతు ఉంది. ముక్క నోట్లో పెట్టుకునే ముందు మా ఆయన రత్నాలక్క కథ చెప్పాలి, నేను వినాలి. విన్నదే వినీ వినీ నాకు కంఠతా వచ్చేసింది. నిడదవోలులో వీళ్ళమ్మ మంచం పట్టి ఉంటే పెంచిందంతా ఆ అక్కే. ఈయనకి పదకొండేళ్ళొచ్చినా అక్షరాలు కూడబలుక్కోవడమే, అందుకని బొమ్మల కథలు ఆవిడే చదివి వినిపించేది. నల్లకంబళికి బొంగురు గొంతు, మేఘదత్తకి ముక్కుతో. పదిహేడేళ్ళకి పచ్చకామెర్లు వచ్చి పోయింది. ఒక్క ఫొటో లేదు. ఆవిడ ముఖం ఈ భూమ్మీద ఒక్క మా ఆయనకే తెలుసు.

ఆ రోజు ముక్కలు కోసి, ఉప్పూ కారం పెట్టి ముందుంచాను. ఆయన తిన్నారు. పేపరు తిరగేశారు. ఇంకో ముక్క తిన్నారు.

"ఏవండీ, కథ చెప్పరే?"

"ఏం కథ?"

"మీ రత్నాలక్క కథ."

ఆయన నమలడం ఆపారు. నా ముఖంలోకి చూశారు. "అవును... అక్క ఒకత్తె ఉండేది కదూ?" అన్నారు.

ఎవరి అక్కని ఎవరు అడగడం?

నవ్వు పులుముకుని, "సరే గానీ నల్లకంబళిలా మాట్లాడండి ఓసారి, వినాలనుంది," అన్నాను. ఆయన హుషారుగా లేచి, కండువా ముఖం మీదకి లాక్కుని, "ఒరే దొరా, నీ పని అయిపోయింది!" అన్నారు. ఆ మాట ఆయన సొంత గొంతులోనే వచ్చింది. బొంగురు లేదు. ముప్పై ఏడేళ్ళుగా విన్నాను కదా, ఆ బొంగురు మొత్తం రత్నాలక్కది, ఈయన దగ్గర దాచిపెట్టి వెళ్ళింది. అది పోయింది.

చెప్పులేసుకుని సరాసరి ల్యాబుకి వెళ్ళాను.

"అమ్మాయ్, నేను ఆంటీలా రాలేదు. ఇంకో ల్యాబు మనిషిలా వచ్చాను. మా ఆయన తలలోంచి ఒక మనిషి పోయింది. నీకు ముందే తెలుసా, తెలీదా?"

హిమజ తెలీదంది. తెలీదన్నప్పుడు దాని కళ్ళు మూలనున్న బీరువా మీదకి పోయాయి. ముప్పై నాలుగేళ్ళలో ఎందరు చూశారో అట్లా బీరువాల వైపు. "తియ్యి," అన్నాను.

అందులో పూనా పళ్ళడాక్టరు భార్య రాసిన ఉత్తరం ఉంది, రెండు నెలల కిందటిది. తన భర్తకి చిన్నప్పుడు పెరిగిన ఇల్లు గుర్తు రావడం లేదు, గుమ్మం ఎటుందో కూడా చెప్పలేకపోతున్నారు, ఇది మీ యంత్రం వల్లేనా అని.

"తిరిగొస్తుందనుకున్నానాంటీ," అంది. "జ్ఞాపకాన్ని పైకి తీస్తే కాసేపు మెత్తబడుతుంది. 'ఇదే' అన్నాక మళ్ళీ గట్టిపడుతుంది. ఆ మధ్యలో మనం అణిచినవి మళ్ళీ లోపలికి పోవట్లేదు. పేజీ బాగా రావాలని గోల తగ్గించాను. ఆ గోల..."

"ఆ గోల పేరు రత్నాలు, తల్లీ. మా ఆయన్ని పెంచిన అక్క. ఉత్తరం వచ్చాక కూడా మా ఆయన్ని కూర్చోబెట్టావు చూడు, దానికి నిన్నేమనాలో నాకు మాటలు రావట్లేదు."

ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఓదార్చలేదు. ఏడుపయ్యాక ఇంకో మాట చెప్పింది. పుస్తకంలో ఆఖరి పేజీ పదిమందికీ రాలేదట. త్రిమూర్తులు అంకుల్ ఒక్కరికే దాని అంచు కనిపిస్తోంది, నీలం గీతలే. గుంపు మొత్తం దానికోసం కాచుకుని ఉంది. వచ్చే ఆదివారం అందరూ దిగుతున్నారు.

పదిమందికీ లేనిది ఈయనొక్కడికే ఎందుకుందన్నదే ఇప్పుడు నాకు పట్టుకుంది. ఇంటికొచ్చి ఫోను ముందేసుకుని పదిమందికీ చేశాను. ఒకే ప్రశ్న, ఆ పుస్తకం చదివిన నాటికి మీదే ఊరు? పళ్ళడాక్టరు నిడదవోలు. భిలాయి ఆయన నిడదవోలు. గవర్రాజుగారు నిడదవోలు రైల్వే క్వార్టర్లు. "ఆయ్, స్టేషన్ ఎదురుగా జానీసాహెబుగారి అద్దె పుస్తకాల కొట్టండి," అన్నారాయన. పదకొండుకి పదకొండూ ఆ కొట్టే. ఉద్యోగాలకి తలోదిక్కూ పోయినవాళ్ళు, తమది ఒకే కొట్టని ఇన్నేళ్ళూ ఒకరినొకరు అడగనైనా లేదు. ఎవరు గెలుస్తారని తన్నుకోవడంతోనే సరిపోయింది.

జానీసాహెబుగారు బతికే ఉన్నారు. ఎనభై ఆరేళ్ళు. కొట్టు తీసేసి, అదే గదిలో మంచం వేసుకుని ఉన్నారు. నేను నిడదవోలు వెళ్ళి విషయం చెబితే పళ్ళులేని నోటితో పడీపడీ నవ్వారు.

"పుస్తకమెక్కడిదమ్మా! ఆ ఏడు ముసురుకి నా కొట్టు పైకప్పు కారిపోయింది. మేఘదత్తలు సగం, కంబళీలు సగం నాని పేడైపోయాయి. పొడిగా మిగిలిన పేజీలన్నీ ఏరి, దబ్బనంతో కుట్టి, ఒకటే అట్టేసేశాను. పుస్తకం బొద్దుగా లేకపోతే పిల్లకాయలు ముట్టుకోరు కదండీ. బొమ్మలే చూస్తారు, కథెవరు చదువుతారులే అనుకున్నా. బావిలో కంబళోడు మునిగే కాడ వాడి పేజీలు అయిపోయాయి. మేఘదత్త ఎవడికో చెయ్యందించే పేజీ దాని ఎనకాల పడింది. అంతే! మర్నాటికి నా కొట్టు ముందు తిరునాళ్ళు. ఇద్దరూ కలిశారు, ఇద్దరూ కలిశారు అని ఒకటే గోల."

"మరి నీలం పేజీ?"

ఆయన నవ్వు ఆపేశారు. "అది రత్నాలు గీసిందమ్మా. మీ మామగారు పోతరాజుగారమ్మాయి. ఓ రోజు నా మీద దెబ్బలాటకొచ్చింది. 'ఏం మామా, ప్రాణం కాపాడినోడితో ఒక్క మాటైనా మాట్లాడకుండా ఎల్లిపోతాడా కంబళోడు? మా తమ్ముడు రాత్రి అన్నం తిన్లేదు తెల్సా!' అంది. తెల్లకాగితం అడిగి పుచ్చుకుంది. నా సిరా కలంతోనే గీసింది. అది కూడా కుట్టేశాను. పిల్లలందరికీ ఆ పేజీ అంటేనే ఇష్టం. చింపి పట్టుకుపోతారేమోనని కాపలా కాసేవాణ్ణి."

"ఆఖరి పేజీ కూడా ఆవిడే గీసిందా?"

"చూడబోతే గీశానని చెప్పిందమ్మా. మంచంలో ఉండి గీసింది, కామెర్లతో. 'తమ్ముడికి చూపించాను, రేపు నీకిస్తా, కుట్టేయి మామా' అంది. ఆ రేపు రాలేదు. ఆ కుర్రాడు దాన్ని తెచ్చి అక్క చేతిలో పెట్టేశాడు. పాడె మీద. నా కళ్ళతో చూశాను. దాంతోపాటే కాలిపోయింది."

బస్సెక్కి కూర్చున్నాక ఏడుపొచ్చింది. పెళ్ళయిన కొత్తలో నేను రత్నాలక్క పేరు వింటేనే ఎంత కుళ్ళుకున్నానో గుర్తొచ్చింది. ప్రతిదానికీ మా అక్క, మా అక్క అంటుంటే చచ్చిపోయిన మనిషితో నాకేంటి పోటీ అని విసుక్కున్న రోజులున్నాయి. ఇప్పుడు ఆవిడ పోతోంది, నిజంగా పోతోంది, ఆపడానికి నేనే ఉన్నాను.

ఆదివారం పదకొండు గంటలకి ల్యాబులో అందరూ చేరారు. పూనా ఆయన భార్యని తీసుకొచ్చాడు. ఒకాయన మేఘదత్త బొమ్మ వేసిన చొక్కా తొడుక్కొచ్చాడు. నేను లేచి నిలబడి, జానీసాహెబుగారు చెప్పింది ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. యంత్రం చేసిన పని కూడా చెప్పాను. హిమజ తల వంచుకుని "నిజమే" అంది. తను దాచిన ఉత్తరాన్ని అందరి ముందూ పూనా ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పుస్తకం లేదన్నందుకు నా మీద విరుచుకుపడతారనుకున్నాను. గవర్రాజుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అంటే యాభై ఏళ్ళుగా మేం పిచ్చెక్కిపోయింది ఓ పదిహేడేళ్ళ పిల్ల గీసిన బొమ్మకాండీ? ఇంతకంటే గొప్ప సంగతి నేనెప్పుడూ వినలేదండి," అన్నారు. నా అనుమానాలన్నీ తిరిగొచ్చి నా చెంపలే వాయించాయి.

మా ఆయన నా వైపు తిరిగారు. "తాయారూ, నువ్వు చెప్పిందంతా విన్నాను. ఎవరో పరాయివాళ్ళ ఇంటి కథలా ఉంది. ఏడుపు రావాలి కదా, రావట్లేదు. అది నాకు భయంగా ఉంది," అన్నారు.

ఆ మాట వినలేకపోయాను. హిమజ వైపు తిరిగాను. "గోల తగ్గించకుండా తియ్యగలవా?"

"తీయచ్చాంటీ. పేజీ మాత్రం రాదు. ఆఖరి పేజీ అక్కగారు చేత్తో పట్టుకుని చూపించిందే కాబట్టి, దాన్ని పట్టుకుని లాగితే ఆవిడే వస్తారేమో. గోల మొత్తం పైకి తెస్తే పేజీ దాని కింద నలిగిపోతుంది. మళ్ళీ తీయడానికి ఏమీ మిగలదు. ఇంకో సంగతి. ఏ రూపంలో వస్తే ఆ రూపంలోనే గట్టిపడుతుంది. ఆయన 'ఇదే' అనాలి. అనకపోయినా, మధ్యలో ఎవరైనా కాదన్నా చెదిరిపోతుంది. ఇంక రాదు."

అంటే గుంపువాళ్ళు యాభై ఏళ్ళు ఎదురుచూసిన ముగింపు పోతుంది. నేను గవర్రాజుగారి వైపు చూశాను. ఆయన మిగతావాళ్ళ వైపు చూశారు. మేఘదత్త చొక్కా ఆయన తల ఊపాడు.

"కానివ్వండమ్మా," అన్నారు గవర్రాజుగారు. "ఎండింగు మేం చెప్పుకుంటాం లెండి. ఇన్నాళ్ళూ చేసిన పని అదే కదండీ. ముందు మా అక్కగారిని చూడనివ్వండి."

తడి టోపీ పెట్టారు. న్యూస్‌ప్రింటు వాసన చూపించారు. హిమజ మీట మీద చెయ్యి వెయ్యకుండా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

ముందు నీలం గీతలు వచ్చాయి. ఒక మబ్బు, ఒక కంబళి అంచు. గుంపంతా ఊపిరి బిగబట్టి ముందుకి వంగింది. అంతలో గీతల మీదకి మంచం కోడు వచ్చింది, కిటికీ వచ్చింది, మందు సీసా వచ్చింది, ఎర్రగాజుల చెయ్యి వచ్చింది. కాగితం వాటి కింద మాసిపోయింది. పచ్చటి ఓణీ వచ్చింది. రెండు జడలు భుజాల మీదుగా ముందుకి పడ్డాయి. ఆ తర్వాత ముఖం లేచింది, నవ్వుతూ.

నేను తెరకి దగ్గరగా జరిగాను.

జడలు రత్నాలక్కవే. ఓణీ, గాజులూ ఆవిడవే. ముఖం నాది. నాకు పాతికేళ్ళప్పటి ముఖం. ఎడమ కనుబొమ్మని కోస్తూ ఒక గాటు ఉంది. పెళ్ళయిన రెండో ఏడు ల్యాబులో గాజుగొట్టం పగిలి గుచ్చుకుంటే పడ్డ గాటది, మూడు కుట్లు వేశారు. నిడదవోలులో ఎవరికీ అలాంటి గాటు ఉండే వీల్లేదు. అసలు ముఖం మేం ఎప్పుడో తుడిచేశాం. ఖాళీ అయిన చోట ఆయన మనసు, తనకి బాగా తెలిసిన ముఖం ఒకటి తెచ్చి పెట్టుకుంది.

హిమజ తెర వైపు చూసింది, నా కనుబొమ్మ వైపు చూసింది. ఆకుపచ్చ బొత్తాం మీద వేలు ఆన్చి ఉంచింది. నేనేమంటానా అని చూస్తోంది.

మా ఆయన ఏడుస్తున్నారు. చిన్నపిల్లాడిలా ముక్కు ఎగబీలుస్తూ, భుజాలు ఎగరేస్తూ ఏడుస్తున్నారు. "అక్కా," అన్నారు. "అక్కా, నేనే, బాబుగాణ్ణి." తర్వాత నా చెయ్యి వెతికి పట్టుకున్నారు.

"తాయారూ, నువ్వెప్పుడూ చూళ్ళేదు కదూ మా అక్కని? చూడు. చూశావా?"

గదిలో అందరూ నా వైపే చూస్తున్నారు.

"చూశానండీ," అన్నాను. "అచ్చం మీ పోలికే. ఆ ముక్కు మీదే."

ఆయన కళ్ళు తుడుచుకుని, హిమజ వైపు తిరిగి, "ఇదే," అన్నారు.